మజ్జకు చేరిన పిలుపు, చేరని ఇనుము

ఈ లోయ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఇక్కడ మంచి కాఫీ దొరకదు.

కొండవాలంతా కాఫీ తోటలే. పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటి నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లనే పట్టుకుని ఎగబాకిన మిరియం తీగలు. ఈ గింజలు ఓడెక్కి ఏయే దేశాలకో వెళ్తాయనీ, అక్కడివాళ్లు కళ్లు మూసుకుని తాగుతారనీ రోడ్డు పక్క బోర్డులు చెబుతాయి. రైల్వే స్టేషన్ బయట మాత్రం ప్యాకెట్ పొడీ, పాలపొడీ, చక్కెరా కలిపిన గోరువెచ్చని ద్రవం కాగితం కప్పులో పోసిస్తారు. ఇక్కడ కూడా కళ్లు మూసుకునే తాగాలి. మరి పండించేవాళ్లు ఏం తాగుతారంటే, టీ. పొలానికి వెళ్తే ఆనపకాయ బుర్రలో రాగి అంబలి. ఏళ్ల కిందట విజయనగరం వైపు నుంచి ఇక్కడి ఆశ్రమ పాఠశాలకి జీవశాస్త్రం చెప్పడానికి బదిలీ మీద వచ్చినప్పుడు రెండు ఆశలు పెట్టుకుని వచ్చాను. చల్లటి గాలి, మంచి కాఫీ. గాలి విషయంలో ఎవరినీ తప్పుపట్టను.

అందుకని ఇంటి నుంచి స్టీలు ఫిల్టరు తెచ్చుకున్నాను. గింజలు మా హాస్టల్ వంటావిడ ఇచ్చింది.

పిల్లలంతా ఆవిడను అప్ప అనేవారు. మా వైపు అక్కని అలాగే పిలుస్తాం. నాకన్నా నాలుగేళ్లు పెద్దది, కాబట్టి నేనూ అప్పా అనేవాణ్ని. ఊరు బడికి పైన, కొండెక్కి అరగంట నడక. అరగంటంటే ఆవిడ అరగంట. నా కాళ్లకి గంటా పావు. అక్కడ వాళ్ల పొలం గట్టున కొన్ని కాఫీ మొక్కలున్నాయి. ఎండిన గింజలు కొంగులో పోసుకుని తెచ్చి, "ఇవి ఏటి సేత్తారు మేస్టారూ?" అని అడిగింది.

"తాగుతాను."

"అమ్ముకునేది తాగుతారేటి?"

హాస్టల్ వంటింటి మూకుడులో వేయించి, రోట్లో దంచి, ఫిల్టరులో వేసి, రెండు గ్లాసుల్లో పోసి ఒకటి ఆవిడ చేతికిచ్చాను. మీ చెట్టుది మీరే తాగకపోతే ఎలా అని ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆవిడ ఒక గుక్క తాగి, కాసేపు అడవి వైపు చూసింది.

"సేదుగా ఉన్నాది."

"మొదట్లో అలాగే ఉంటుంది."

"ఎన్నాళ్లుంటాది?"

"అలవాటయ్యేదాకా."

"అలగయితే బాగున్నట్టే," అని గ్లాసు ఖాళీ చేసింది. ఒక మనిషిని మార్చానని ఆ రోజంతా కాస్త నిటారుగా నడిచాను. అప్పటి నుంచీ పొద్దున్నే ఉప్మా దించాక, గంట కొట్టేలోపు, వంటింటి మెట్ల మీద మేమిద్దరం చెరో గ్లాసుతో కూర్చోవడం అయిదేళ్లపాటు నడిచింది. ఆదివారాలు కూడా.

ఇక్కడొక మర్యాద గురించి చెప్పాలి. నేను వచ్చిన మొదటి ఏడాది చైత్రం పండగకి వాళ్ల ఊరు పిలిచారు. అడ్డాకు డొప్పలో జీలుగు కల్లు పోసి చేతికిచ్చారు. ఆ డొప్ప ఖాళీ అయ్యేదాకా కింద పెట్టకూడదని నా పక్కన కూర్చున్న పెద్దాయన చెప్పాడు. పెడితే ఇచ్చిన మనిషిని కాదన్నట్టట. నేను ఖాళీ చేశాను. మళ్లీ పోశారు. మళ్లీ ఖాళీ చేశాను. చాలా బాగుందని కూడా అన్నాను. నాకు కల్లు పడదు. ఆ సంగతి నాకూ, దిగి వచ్చే దారిలో ఉన్న రెండు పొదలకూ తప్ప ఎవరికీ తెలియదు.

అప్ప ఇరవై ఆరేళ్లుగా ఆ పొయ్యి ముందు ఉంది. రెండొందల మందికి అన్నం ఉడికే గుండిగను ఇంకొకావిడతో కలిసి, రెండు గోనెముక్కలు పట్టుకుని, మాట ఆపకుండానే దించేసేది. అలాంటి మనిషి పోయినేడు వానలు తగ్గేసరికి బియ్యం బస్తా మీద కూర్చుని కూరలు తరగడం మొదలుపెట్టింది. నేను జోకు వేశాను. ఆవిడ నవ్వింది, కానీ లేవలేదు. కొండెక్కుతూ మూడు చోట్ల ఆగుతోందని పిల్లలు చెప్పారు. అడిగితే మూడింటికీ కారణాలుండేవి. ఒకచోట చింతచెట్టు కాపు చూడాలి, ఒకచోట ఎవరిదో ఆవు తప్పిపోయింది, మూడోచోట గాలి బాగుంటుంది.

ఆరోగ్య కేంద్రంలో నర్సు ఆవిడ కింది కనురెప్పను వేలితో లాగి చూసి ఏమీ అనలేదు. ఆ నర్సు ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి, కాబట్టి నాకు భయం వేసింది. పన్నెండు ఉండాల్సిన హిమోగ్లోబిన్ ఆరున్నర ఉంది. ఈ కొండల్లో రక్తం తగ్గిందంటే ముందు సికిల్ సెల్ అనే పుట్టు రక్తజబ్బుకి పరీక్ష చేస్తారు. అది కాదని తేలింది. కింద పట్నంలో పెద్దాసుపత్రికి పంపారు. ఎన్నాళ్లనుంచో ఎవరికీ తెలియకుండా బీపీ ఉందనీ, అది రెండు కిడ్నీలనూ సగానికి పైగా తినేసిందనీ అక్కడి డాక్టరమ్మ చెప్పింది. వారానికో సూది రాసింది, రోజుకో ఇనుము మాత్ర రాసింది.

"హిమోగ్లోబిన్ పదికి రావాలి. గుండె ఇప్పటికే అలిసిపోతోంది. అప్పటిదాకా బరువులు ఎత్తకూడదు. రాకపోతే ఆ వంట పని పూర్తిగా మానెయ్యాలి."

"పదికొత్తే సెయ్యొచ్చా?" అంది అప్ప.

"పదికొస్తే అప్పుడు చూద్దాం."

డాక్టరమ్మ మామూలుగా అన్న ఆ మాటను అప్ప స్టాంపు కాగితం మీద రాసిచ్చినట్టు పట్టుకుంది. బయటికొచ్చాక నేను, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకుంటే తప్పేముందని అన్నాను.

"ఇంటికాడ కూకుని ఏటి సెయ్యాలి మేస్టారూ? సావు ఏ దారినొత్తాదో గడప మీద కూకుని సూడాలేటి?"

హాస్టల్ వాళ్లు గుండిగలు దించడానికి తాత్కాలికంగా ఒక మనిషిని పెట్టారు. ఆ మనిషి వంట చేస్తే ఏమవుతుందో ఒక రోజు సాంబారు తిని అందరం తెలుసుకున్నాం. ఇక ఆ పది అనే అంకె కోసం మేమందరం ఎదురుచూడడం మొదలుపెట్టాం. నా భాగానికి నేను చదువుకున్నాను.

కిడ్నీ అంటే వడపోత అని పదో తరగతి పుస్తకంలో ఉంటుంది. నేను ఏటా చెబుతాను. అది నిజమే, కానీ ఆ ఒక్కటే చెప్పి వదిలెయ్యడం అప్పను పట్టుకుని గరిటె తిప్పుతుంది అన్నట్టుంటుంది. కిడ్నీలో కొన్ని కణాలు తమ దగ్గరికొచ్చే రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో కనిపెట్టుకుని ఉంటాయి. తగ్గిందనిపించగానే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. (నేను ఈ కొండెక్కి కాపురం పెట్టినప్పుడు నా కిడ్నీలు కూడా ఏదో ఒకటి గమనించి ఉండాలి. వెయ్యి మీటర్లు కూడా లేని ఎత్తు కాబట్టి పెద్దగా పట్టించుకుని ఉండవు.) ఆ హార్మోను ఒళ్లంతా తిరుగుతుంది. దారిలో దాదాపు ఎవరూ దాని వైపు చూడరు. ఎముకల లోపలి మజ్జలో, ఎర్ర కణాలు కాబోతున్న పసి కణాలు మాత్రం దాని కోసమే కాచుకుని ఉంటాయి. వాటి పైపొరలో దాన్ని పట్టుకునే రిసెప్టర్లు ఉంటాయి, జంటలు జంటలుగా.

హార్మోను వచ్చి ఆ జంట మధ్య కూర్చోగానే రెండూ కాస్త ఒరుగుతాయి. అంతే జరిగేది. కంటికి కాదు కదా, మా బడి మైక్రోస్కోపుకి కూడా కనిపించని జరుగుబాటు. ఆ రిసెప్టర్ల తోకలు పొర లోపలికి వేలాడుతుంటాయి. ఒక్కో తోకకి జాక్-2 అనే ఎంజైము అంటిపెట్టుకుని నిద్రపోతుంటుంది. తోకలు సరైన కోణంలో దగ్గరైతే ఆ రెండు ఎంజైములూ ఒకదాన్నొకటి తట్టి లేపుకుంటాయి. లేచి, తోకల మీద ఫాస్ఫేటు ముద్రలు వేస్తాయి. ఆ ముద్రలు చూసుకుని స్టాట్-5 అనే ప్రోటీను వచ్చి తనూ ఒక ముద్ర వేయించుకుంటుంది, తనలాంటి ఇంకోదానితో జతకట్టి, తిన్నగా కేంద్రకంలోకి వెళ్లి కొన్ని జన్యువుల్ని నిద్రలేపుతుంది. ఇంత తతంగమూ అయ్యాక ఆ జన్యువులు కణంతో చెప్పే మాట ముఖ్యంగా ఒకటే. ఇప్పుడే చావొద్దు.

నాకు ఆ మాట దగ్గర పుస్తకం మూసి కాసేపు కూర్చోవాలనిపించింది. మజ్జ ఎప్పుడూ అవసరానికి మించి పసి కణాలను సిద్ధం చేసి ఉంచుకుంటుంది. పిలుపు అందనివి గొడవ చెయ్యకుండా తమంతట తామే చనిపోతాయి. అందినవి బతికి, విభజన చెంది, హిమోగ్లోబిన్‌తో నిండి, చివరికి చోటు చాలదని తమ కేంద్రకాన్నే బయటికి నెట్టేసి రక్తంలోకి బయల్దేరతాయి. ఎంత పిలుపుకి అంత మంది. నేను ఈ వాక్యం రాసేలోపు నా ఒంట్లో కొన్ని కోట్ల ఎర్ర కణాలు తయారయ్యాయి. నేను రాసింది ఒక వాక్యం. ఇలాంటి ఏర్పాటు ఏ ఆఫీసులోనైనా ఉంటే నేను ఉద్యోగం మానేసి అక్కడ అటెండరుగా చేరతాను.

ఇదంతా ఒక పొద్దున మెట్ల మీద అప్పకి చెప్పాను. జాక్, స్టాట్ వదిలేసి, మా హాస్టల్ గంట పెట్టి చెప్పాను. మా గంట అంటే వంటింటి చూరుకి వేలాడే రైలు పట్టా ముక్క. అది మోగితే పిల్లలు కంచాలు పట్టుకుని వస్తారు.

"అంటే గంట కొట్టేది కిడ్నీ," అంది.

"అవును."

"నా కాడ గంట కొట్టేవోడు సచ్చినాడు."

"చావలేదు అప్పా. నీరసించాడు. అందుకే సూదితో మనం కొడుతున్నాం. అది వినిపించాక ఆ కణాలు బతుకుతాయి."

అప్ప గ్లాసు తిప్పుతూ ఆలోచించింది. "బాగున్నాది. గంట మోగుతాది. గుంటలందరూ కంచాలట్టుకుని వొచ్చి లైన్లో నిలబడతారు. మరి లోపల బియ్యం ఉన్నాయో నేదో ఎవులు సూత్తారు?"

"అది తర్వాతి పాఠం," అన్నాను.

నాలుగు నెలల తర్వాత ఆ ప్రశ్న నాకు మళ్లీ గుర్తొచ్చింది. ఈలోగా జరిగింది ఇది.

సూదులు అప్పటికే మొదలయ్యాయి. నెలకోసారి పట్నం వెళ్లి, ఐసు పెట్టెలో మందు సీసాలు నేనే తెచ్చేవాణ్ని. సూదిలో ఉండేది ఆ హార్మోనే, అదొక ప్రోటీను. వేడి తగలకూడదు, గడ్డకట్టకూడదు, బాగా కుదిపితే పాడవుతుంది. పెట్టెను ఒళ్లో పెట్టుకుని ఘాట్ రోడ్డు మలుపులన్నీ ఎక్కేవాణ్ని. బస్సు కుదిపింది, నేను కుదిలాను, అది కుదలలేదు. ప్రతి బుధవారం నర్సు సూది వేసేది. నెల తర్వాత పరీక్ష చేస్తే ఆరు పాయింట్ ఎనిమిది. రెండో నెల ఆరు పాయింట్ తొమ్మిది. మూడో నెల మళ్లీ ఆరు పాయింట్ ఎనిమిది. డాక్టరమ్మ ఫోనులో డోసు పెంచమంది. అంకె కదల్లేదు. అప్ప మాత్రం కొండ దిగి ఆరు గంటలకల్లా పొయ్యి ముందుండేది. ఆగే చోట్లు అయిదయ్యాయి. కొత్త వాటికి కారణాలు చెప్పడం మానేసింది.

నాకు ఆరోగ్య కేంద్రం ఫ్రిజ్ మీద అనుమానం వచ్చింది. అక్కడి నర్సు కొయ్యూరు వైపు అమ్మాయి, మిషన్ చర్చి కుటుంబం. ఆదివారం పొద్దున్న చర్చికి వెళ్తుంది, మిగతా వారమంతా ఆ ఫ్రిజ్‌కి కాపలా ఉంటుంది. నేను బడి ల్యాబు నుంచి ఒక థర్మామీటరు పట్టుకుని వెళ్లాను.

"చేతిలో అదేంటి మాస్టారూ?"

"థర్మామీటరు."

"ఎవరికి జ్వరం?"

"మీ ఫ్రిజ్‌కేమైనా ఉందేమోనని."

ఆవిడ లేచి ఫ్రిజ్ తలుపుకి అంటించిన కాగితం చూపించింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, వరసగా అంకెలు. ఒక్క గడీ ఖాళీ లేదు. "కరెంటు పోతే ఐసు ప్యాకులు మారుస్తాను. పండగ రోజు కూడా వచ్చి చూస్తాను. మీరు పిల్లల హాజరు రోజుకి ఎన్నిసార్లు వేస్తారు?"

"ఒకసారి."

"వెళ్లి రెండోది వెయ్యండి."

వెళ్లాను. రెండోది వేశాను కూడా. అందరూ ఉన్నారు.

నాలుగో నెల అప్పను మళ్లీ పట్నం తీసుకెళ్లాను. డాక్టరమ్మ ఈసారి ఒంట్లో ఇనుము నిల్వలు ఎంతున్నాయో చూసే పరీక్షలు చేయించింది. కాగితం ఒకసారి చూసి నా వైపు తిప్పింది.

"మందు బాగానే ఉంది మాస్టారూ. ఇనుము లేదు. మజ్జకి కబురు అందుతోంది, హిమోగ్లోబిన్ కట్టడానికి సరుకు లేదు." తర్వాత అప్ప వైపు తిరిగింది. "మాత్రలు వేసుకుంటున్నావామ్మా?"

"రోజూ ఏసుకుంతన్నాను."

"కడుపులో తిప్పుతుందని చాలామంది పారేస్తారు. కోప్పడను, నిజం చెప్పు."

"నాను పారెయ్యను."

"అందరూ అలాగే అంటారమ్మా," అని డాక్టరమ్మ ఏదో రాసుకుంది.

తిరుగు రైలులో అప్ప కిటికీ పక్కన కూర్చుంది. ఆ దారిలో సొరంగాలు ఎన్నో. చీకటి రాగానే మాట ఆపి, వెలుతురొచ్చాక ఆపిన చోటి నుంచే మొదలుపెట్టేది.

"పారెయ్యనని సెప్పినాను. ఆ యమ్మ..."

సొరంగం.

"...నమ్మనేదు."

"రోజుకి వందమందిని చూస్తుంది అప్పా."

"మీరు నమ్మినారా?"

నమ్మానన్నాను. కాస్త ఆలస్యంగా అన్నాను. మధ్యలో ఒక సొరంగం వచ్చింది. అది నాకు ఉపయోగపడిందని ఆవిడకీ తెలుసు.

ఆ రాత్రి నేను తర్వాతి పాఠం చదివాను. అప్పుడు తెలిసింది, ఆ పసి కణాలు నేననుకున్నదానికన్నా గొప్పవని. పిలుపు అందుకున్నాక అవి సరుకు కోసం చేతులు కట్టుకుని ఎదురుచూడవు. తామే ఎరిత్రోఫెరోన్ అనే ఇంకో హార్మోనును వదిలి, లివరుకి కబురు పెడతాయి. ఇనుము దారికి అడ్డంగా లివరు ఒక కాపలా పెట్టి ఉంచుతుంది. ఆ కాపలా తీయించమనీ, పేగు నుంచీ నిల్వల నుంచీ ఇనుము వదలమనీ ఆ కబురు. అంటే గంట విన్న పిల్లలు కంచాలు పట్టుకుని నిలబడడమే కాదు, ఒకణ్ని స్టోరు రూముకి కూడా పంపారు. ఇంత తెలివైన ఏర్పాటు లోపల ఉంటే, మాత్ర రోజూ లోపలికి వెళ్తుంటే, మరి ఇనుము ఎక్కడ ఆగిపోతోంది? అప్ప వేసిన ప్రశ్నే. నాకు నాలుగు నెలలు పట్టింది దాని దగ్గరికి రావడానికి.

మర్నాడు పొద్దున్న ఎప్పటిలాగే మెట్ల మీద కూర్చున్నాం. నేను కాఫీ పోసిచ్చాను. అప్ప గ్లాసు అందుకుంది. కొంగు ముడి విప్పింది. అందులోంచి మాత్ర తీసింది. నోట్లో వేసుకుని, కాఫీ ఒక గుక్క తాగి, మింగింది.

ఇదేమీ కొత్త దృశ్యం కాదు. నాలుగు నెలలుగా రోజూ నా కళ్ల ముందే జరుగుతోంది. నేనే గ్లాసు అందిస్తున్నాను. కాఫీలో ఉండే కొన్ని పదార్థాలు ఇనుమును పేగులోనే పట్టేసుకుని ఒంట్లోకి పోనివ్వవు. ఈ సంగతి నేను డిగ్రీలో చదివాను. పరీక్షలో రాశాను. దానికి మార్కులు కూడా వేశారు.

"అప్పా," అన్నాను, "ఈ మాత్ర కాఫీతో ఎప్పటి నుంచి వేసుకుంటున్నావు?"

"మొదట్నుంచీ. మీరు సూత్తానే ఉన్నారు కదా."

"నీళ్లతో ఎందుకు వేసుకోలేదు?"

"రోజూ తప్పకండా సేసే పనేదో దానికి ముడెట్టీసుకో, అప్పుడు మర్సిపోవు అని సూదేసే సిస్టరమ్మ సెప్పింది. నాను తప్పకండా సేసేది ఇదొక్కటే." నా మొహం చూసి ఆగింది. "ఏటైనాది?"

చెప్పాను. గంట మోగిందనీ, పిల్లలు వచ్చారనీ, స్టోరు రూము తలుపు దగ్గర ఒక పెద్దమనిషి కాఫీ పట్టుకుని అడ్డంగా నిలబడ్డాడనీ చెప్పాను. ఆ పెద్దమనిషి ఎవరో విడిగా చెప్పాల్సిన అవసరం రాలేదు. అప్ప కొంగు ముడి మళ్లీ వేసుకుంది. తర్వాత, "అలగయితే నాను అబద్దం ఆడనేదని ఆ డాక్టరమ్మకి బేగి ఫోన్ సెయ్యండి," అంది. నాలుగు నెలల నీరసం, ఆ ఎత్తు, ఆ అయిదు చోట్లు, వేటి గురించీ అడగలేదు. ముందు ఆ ఫోను.

ఫోను చేశాను. కిడ్నీ జబ్బులో మాత్రల ఇనుము ఎలాగూ సరిగా ఒంటబట్టదనీ, తప్పంతా కాఫీది కాదనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ వాక్యాన్ని నేను ఇప్పటికీ చాలామందికి చెబుతుంటాను. అప్పకి ఫోనిమ్మని, "నమ్మనందుకు ఏమీ అనుకోకమ్మా" అంది. తర్వాత నర్సుకి ఫోను చేశాను.

"కాఫీతోనా?" అంది.

"అవును."

"కాఫీ ఎవరు పోశారు?"

"నేనే."

"రోజూనా?"

"ఆదివారాలు కూడా."

"థర్మామీటరు ఇంకా మీ దగ్గరే ఉందా మాస్టారూ?" అని అడిగి ఫోను పెట్టేసింది.

ఆ తర్వాత డాక్టరమ్మ ఇనుమును సెలైనులో కలిపి నరంలోకి ఎక్కించింది, విడతలుగా. మాత్ర మధ్యాహ్నానికి మారింది, నీళ్లతో, వెంట ఒక ఉసిరికాయ ముక్కతో. పొద్దుటి కాఫీ బందు. నేనొక్కణ్నీ ఆవిడ ముందు తాగడం బాగుండదని నేనూ మానేశాను. నా జీవితంలో చేసిన త్యాగాల్లో ఇది రెండోది. మొదటిది గుర్తు లేదు. మెట్ల మీద కూర్చోవడం మాత్రం మానలేదు. ఇద్దరం ఖాళీ చేతులతో కూర్చుని అడవి వైపు చూసేవాళ్లం. చెప్పుకోదగ్గ మాటలు లేని రోజుల్లో గ్లాసు ఎంత పని చేసిపెడుతుందో అప్పుడు తెలిసింది.

మూడో వారం తిరిగేసరికి రక్తంలో పసి ఎర్ర కణాలు కనబడుతున్నాయని నర్సు కబురు పంపింది. కేంద్రకాన్ని ఇప్పుడిప్పుడే పారేసి బయల్దేరినవి. ఇన్నాళ్లూ ఆ పిలుపు మోగుతూనే ఉంది. రిసెప్టర్లు ఒరుగుతూనే ఉన్నాయి, జాక్‌లు లేస్తూనే ఉన్నాయి, స్టాట్‌లు కేంద్రకానికి పరిగెడుతూనే ఉన్నాయి. సరుకు రాదని తెలిసీ ఒక్కరూ డ్యూటీ మానలేదు. రోజూ కొండ దిగి వచ్చిన ఆ మనిషి ఒంట్లో కణాలు ఇంకోలా ఎందుకుంటాయి అనిపించింది. ఇది సైన్సు కాదని నాకు తెలుసు. పరీక్షలో రాస్తే నేనే మార్కులు కోసేస్తాను.

ఏడున్నర. ఎనిమిది పాయింట్ రెండు. తొమ్మిది పాయింట్ ఒకటి. నేను అంకెలు రాసుకుంటుంటే పిల్లలు వేరే కొలత పెట్టుకున్నారు. "మేస్టారూ, అప్ప ఇయాల మూడు కాడలే ఆగింది" అని మొదలై, రెండు, ఒకటి దాకా వచ్చింది. ఆ ఒక్కటీ ఎక్కడని అడిగాను. చింతచెట్టు దగ్గరట. ఈసారి నిజంగానే కాపు చూస్తోందని చెప్పారు.

వేసవి సెలవుల ముందు అంకె పది పాయింట్ ఒకటి అయింది. డాక్టరమ్మ మాట నిలబెట్టుకుంది. వంట మానక్కర్లేదు, గుండిగలు దించడం మాత్రం వేరేవాళ్లు చెయ్యాలి. సూది ఆపకూడదు. కిడ్నీలు తిరిగి రావు, అది ఎవరూ దాచలేదు. అప్ప ఆ రోజు పరీక్ష ముగించుకుని వంటింట్లోకి వెళ్లి, ఆ తాత్కాలికపు మనిషి చేతిలోంచి గరిటె తీసుకుని, సాంబారు రుచి చూసి, దాన్ని పూర్తిగా మళ్లీ మొదటి నుంచీ పెట్టింది.

సాయంత్రం నాలుగింటికి నేను ఫిల్టరు బయటికి తీశాను. గింజలు ఆవిడవే, కొత్త కాపు. మూకుడులో నేనే వేయించాను, ఈసారి మాడకుండా కూడా చూసుకున్నాను. మాత్ర వేసుకుని మూడు గంటలు దాటిందనీ, ఈ వేళకి ఒక గ్లాసు తాగితే పరవాలేదని డాక్టరమ్మే చెప్పిందనీ అన్నాను. రెండు గ్లాసులు పట్టుకుని మెట్ల మీదికి వచ్చి, ఒకటి ఆవిడ చేతికిచ్చాను. నాకు ఏదో ఒకటి మాట్లాడాలనిపించింది. మన మెట్లు మనకి తిరిగొచ్చాయి అప్పా అన్నాను.

అప్ప గ్లాసు అందుకుంది. దాని వైపు చూసింది. తర్వాత నేను ఎరిగినన్నాళ్లలో ఎన్నడూ చెయ్యని పని చేసింది. ఒక్క గుక్కైనా తాగకుండా, ఆ గ్లాసును మెల్లగా మెట్టు మీద పెట్టేసింది.

"నొచ్చుకోకండి మేస్టారూ," అంది. "అయిదేళ్లు మీ మొగం సూసి తాగినాను. ఈ కాఫీ ఏనాడూ బాగోనేదు."